ఢిల్లీ మెచ్చిన తప్పటడుగు

నరసరావుపేట బస్టాండు ఎదుట కట్టిన ఫ్లెక్సీలో ఇరవైమూడు పెద్ద ముఖాలున్నాయి. కోటేశ్వరి రోడ్డు దాటకుండా నిలబడి మరీ లెక్కపెట్టింది. పార్టీ పెద్దలు తొమ్మిదిమంది, మిర్చి వ్యాపారులు ఆరుగురు, వాళ్ల పుత్రరత్నాలు ఏడుగురు, అందరినీ మించిన కొలతలో నృత్యమండలి అధ్యక్షుడు త్రికోటేశ్వరరావు. 'జాతీయ నృత్యోత్సవానికి ఎంపికైన నాగులేటి నృత్యమండలికి శుభాకాంక్షలు' అన్న అక్షరాల కింద, తపాలా బిళ్లంత చోటులో, ఆ నృత్యం చేసిన పన్నెండుమంది ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు ఇరుక్కుని ఉన్నారు. డప్పు కొట్టిన వీరయ్య అసలు లేనే లేడు.

ఫ్లెక్సీలో లేకపోతే పోనీ అనుకుంది. ఢిల్లీ ఉత్సవం వాళ్లు పంపగా ఆమె సంచిలో ఉన్న ఉత్తరంలో కూడా అతను లేడు. పొద్దుటి నుంచి ఆమెను ఒకచోట నిలవనీయనిది అదే.

కోటేశ్వరికి అరవైమూడేళ్లు. ముప్ఫైనాలుగేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి, పదవీ విరమణ చేసిన మరుసటి నెలలోనే ఈ మండలిని పెట్టింది. త్రికోటేశ్వరరావుకు రాజుపాలెం రోడ్డులో మిరపకాయలు ఎండబోసే సిమెంటు కల్లం ఉంది. పంట లేని నెలల్లో దాన్ని సాధనకు ఇచ్చాడు. అందుకు ప్రతిఫలంగా అధ్యక్షుడయ్యాడు. ఆ బేరంలో ఎవరు లాభపడ్డారో కోటేశ్వరికి స్పష్టంగా తెలుసు గనుక ఎన్నడూ పైకి అనలేదు.

ఆ కల్లం మీదే 'ఎర్ర మునుం' అనే నృత్యరూపకం పుట్టింది. మిరపచేలో కూలికి వెళ్లిన ఆడవాళ్లు బారుగా నిలబడి, తలా ఒక సాలు పట్టుకుని, కాయ కోసుకుంటూ ఒక్కటిగా ముందుకు సాగుతారు. ఆ బారే మునుం. మునుంలో ఒకతె వెనకబడితే తక్కినవాళ్లు ఆమెను వదిలేసి గట్టెక్కరు. పక్క సాలు మనిషి చెయ్యి చాచి ఆ కాయ కూడా కోసి, ఆమెను తనతో కలుపుకుంటుంది. ఎవరూ ఈ నియమాన్ని రాసిపెట్టలేదు. తప్పినవాళ్లను మాత్రం మరుసటి ఏడు మునుంలోకి పిలవరు. కోటేశ్వరి తన రూపకంలో నాయికను పెట్టకపోవడానికి కారణం ఇదే. పన్నెండుమందీ ఒక బారు. బారే నాయిక.

ఆ బారును నడిపించేది వీరయ్య. గురజాల దగ్గర పల్లె అతనిది. డెబ్బయ్యేళ్ల మనిషి. పొద్దున్నే బస్సు దిగి, కల్లం మూలన ఇంత వరిగడ్డి అంటించి డప్పు కాచుకునేవాడు. కొట్టేటప్పుడు అతని చూపు ఆడపిల్లల పాదాల మీదే ఉండేది. ఎవరి కాలు తడబడినా, ఎవరికి ఊపిరి అందకపోయినా, దరువును రవ్వంత సాగదీసి పట్టేవాడు. ఆ పిల్ల బారులో కలిసేది. చూసేవాళ్లకు తడబాటు తెలిసేది కాదు.

"కాలుకి దరువు గానీ, దరువుకి కాలు కాదు పంతులమ్మా," అని మొదటి రోజే చెప్పాడు. తాను చదివిన నాట్యశాస్త్ర గ్రంథాలు వేటిలోనూ ఆ విషయం అంత పొందికగా ఉన్నట్టు కోటేశ్వరికి గుర్తు లేదు.

ఇప్పుడు ఉత్తరం నాలుగో పేరాలో 'సంగీతం: ముందుగా రికార్డు చేసినది. వాయిద్యకారులకు ప్రవేశం లేదు' అని ఉంది.

ఆమె నేరుగా మండలి కార్యదర్శి గోపీనాథ్ నడిపే జిరాక్సు సెంటరుకు వెళ్లింది. దరఖాస్తు పంపినవాడు అతనే.

"రికార్డు అని ఎవరు పెట్టమన్నారు గోపీనాథ్?"

"మేడమ్, లైవ్ అని పెడితే సైటు వాయించే మనిషికి ఆర్టిస్టు కార్డు అడిగింది. వీరయ్య తాతకి కార్డేడుంది? ఆధారులో పుట్టినరోజే జనవరి ఒకటని ఉంది. ఇంకో గంటలో సైటు క్లోజ్. రికార్డెడ్ అని టిక్కు కొట్టేశా, వెళ్లిపోయింది."

"నన్ను అడగలేదు."

"ఫోన్ చేశాగా, మీరు ఎత్తలా. ఎత్తినా వద్దనేవోళ్లు. అప్పుడు ఢిల్లీ ఏడుండేది మేడమ్?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. కోటేశ్వరికి ఎక్కువ కోపం తెప్పించింది అదే. అక్కడే నిలబడి ఢిల్లీకి ఫోన్ చేసింది. అవతలి అధికారిణి ఎంతో మర్యాదగా, విభాగం మార్చడం కుదరదనీ, మీరు మానుకుంటే వెయిటింగులో ఉన్న బృందాన్ని పిలుస్తామనీ చెప్పింది. ఆ మర్యాద ముందు తిట్టు నయమనిపించింది.

సాయంత్రం సాధనలో ఉత్తరం చదివి వినిపించింది. వీరయ్య మోకాలి మీద డప్పు ఆనించుకుని సాంతం విన్నాడు.

"అంటే నా దెబ్బ పోద్ది, నేను పోను. అంతేగా పంతులమ్మా?"

"అంతే."

"మంచిదే. దానికైతే టిక్కెట్టు అక్కర్లా." నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఎడ్లపాడు నుంచి వచ్చే జాహ్నవి ఉండబట్టలేకపోయింది. డిగ్రీ మూడో సంవత్సరం పిల్ల. ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఢిల్లీ సంగతి చెప్పి వచ్చింది.

"మానేస్తామా ఏంది టీచర్?"

పన్నెండు జతల కళ్లు కోటేశ్వరిని చూశాయి. ఆ నిమిషంలో ఆమె అనవలసిన మాట ఒకటి ఉంది. వీరయ్య లేకుండా ఈ రూపకం కల్లం దాటదు అని. ఆ మాట నోటిదాకా వచ్చింది. పిల్లల ముఖాలు చూసి దాన్ని మింగేసింది.

"వెళుతున్నాం," అంది.

గుంటూరులో ఒక స్టూడియోలో రికార్డింగు పెట్టారు. అద్దాల గదిలో వీరయ్యను ఒక్కణ్ణే కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. డప్పు కాచుకోవడానికి మంట ఒప్పుకోలేదు. హెయిర్ డ్రయ్యర్ ఇచ్చారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది తల ఆరబెట్టుకునేదిగా అన్నాడు.

"ఎవరి కాలు చూసి కొట్టాలమ్మా?" అని అద్దం అవతలి నుంచి అడిగాడు.

"చెవిలో టిక్కుటిక్కుమంటది తాతా, దానెమ్మట పో," అన్నాడు టెక్నీషియను.

వీరయ్య ఎదుటి గోడను చూస్తూ నలభైరెండు నిమిషాలు కొట్టాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. కోటేశ్వరి బయట సోఫాలో కూర్చోలేక, వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ విన్నది. ఎక్కడా ఊపిరి లేదు. దరువు గడియారంలా నడిచింది.

నవంబరులో ఢిల్లీ వెళ్లారు. వేదిక మీద నల్లటి రబ్బరు పరుపు పరిచారు. గరుకు సిమెంటు మీద సాధన చేసిన పాదాలకు అది నూనె రాసినట్టు తగిలింది. రెండు సాళ్లు సజావుగా సాగాయి. మూడో సాలు మలుపులో జాహ్నవి కాలు జారి మోకాలి మీద పడింది.

కల్లంలో అయితే వీరయ్య చెయ్యి గాలిలో ఆగేది. ఇక్కడ పెట్టెలోని వీరయ్యకు కళ్లు లేవు. దరువు పోతూనే ఉంది. జాహ్నవి లేచేసరికి బారు నాలుగడుగులు దాటిపోయింది. పక్కనున్న హరిత చెయ్యి చాచబోయి, దరువు తరుముతుంటే లాక్కుని ముందుకు వెళ్లిపోయింది. ఆ నాలుగడుగుల దూరం చివరిదాకా తీరలేదు. పదకొండుమందీ గట్టనుకున్న వేదిక అంచుకు చేరారు. ఖాళీ వేదిక నడుమ జాహ్నవి ఒక్కతే, ఏడుపు ఆపుకుంటూ, లేని కాయలు కోస్తూ ఉండిపోయింది. లైట్లు చూసే మనిషికి ఆ దృశ్యం నచ్చినట్టుంది. తక్కిన దీపాలు ఆర్పేసి, ఒక్క దీపాన్ని ఆమె మీద నిలిపాడు.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఉదయం దర్శకులతో గోష్ఠి జరిగింది. ఖద్దరు చీర కట్టిన విమర్శకురాలు ఒకామె ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడింది. ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న హరిత చెవిలో తెలుగు చేసి చెప్పింది. "ఆ వెనకబడిపోయిన స్త్రీ అద్భుతమైన ఊహ అంటన్నారు టీచర్. శ్రమ చేసేవాళ్లలో కూడా బలహీనుల్ని ఎట్టా వదిలేసి పోతారో ఇంత నిర్దయగా చూపించినోళ్లు దేశంలో లేరంట."

కోటేశ్వరి లేచింది. "ఆమెకు చెప్పు. అది ఊహ కాదు, పిల్ల జారిపడింది. మా మునుంలో వెనకబడినదాన్ని వదిలిపోయేవాళ్లు లేరు. వదిలిపోయింది మీరు కోరిన రికార్డు. మా డప్పు మనిషి ఉంటే ఆగేవాడు. ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పు."

హరిత చెప్పింది. సభలో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల్లో వెటకారం లేదు, అభిమానమే ఉంది. విమర్శకురాలు రెండు చేతులూ జోడించి, గొప్ప కళాకారులు తమ గొప్పదనాన్ని ప్రమాదమనే చెప్పుకుంటారని అన్నది. ఆ సాయంత్రమే ఉత్తమ రూపకాల్లో 'ఎర్ర మునుం' పేరు చదివారు. వచ్చే ఏడు ఆరు నగరాల్లో ప్రదర్శనలు. జాతీయ పత్రికలో జాహ్నవి ఫొటో, కింద 'వెనకబడిన స్త్రీ' అని శీర్షిక.

నిజం చెబితే నమ్మకపోవడం కోటేశ్వరి ఎరుగును. నిజం చెప్పినందుకు మెచ్చుకుని మరీ నమ్మకపోవడం ఆమెకు కొత్త. తిరుగు ప్రయాణంలో రైలు విజయవాడ చేరేదాకా ఏ పుస్తకమూ రెండు పుటలు సాగలేదు.

ఊరు చేరేసరికి త్రికోటేశ్వరరావు కార్యక్రమం ఖాయం చేసి ఉంచాడు. కల్లం మీదే ప్రదర్శన, నాయకుడొకాయన ముఖ్య అతిథి, మూడు చానళ్లు.

"అక్కయ్యా, ఆ పిల్ల పడేది మాత్రం మర్చిపోవాకండి," అన్నాడు. "చానళ్లోళ్లు అడిగిందే అది."

"అది పొరపాటు త్రికోటేశ్వరరావుగారూ. పొరపాటుకు సాధన చేయించమంటారా?"

"వంద బస్తాలు తెచ్చినా ఘాటున్న కాయకే రేటు. ఆ పిల్ల ఎనకబడటమే మన సరుక్కి ఘాటు. మీరు సదువుకున్నోళ్లు, నేను చెప్పేదేంది? ఇంకోటి, ముఖ్య అతిథిగారు టేపు వద్దన్నారు. లైవుగా కొట్టిద్దాం. వీరయ్యకి శాలువా కూడా కప్పిద్దాం."

ఆమె జాహ్నవిని పక్కకు పిలిచింది. ఈ పిల్ల వద్దంటే సరిపోతుందని ఆశపడింది.

"నీకు ఇష్టమేనా, మళ్లీ పడటం?"

జాహ్నవి మోకాలు తడుముకుంది. మాట మాత్రం తగ్గించలేదు. "ఆ రోజు మోకాలు చీరుకుపోయింది టీచర్. ఇప్పటికీ మెట్లెక్కలేకపోతన్నా. మీరు అక్కడ లేచి, పిల్ల జారిపడింది అని అందరి ముందూ చెప్పేశారు. పేపరోళ్లు నయం, నేను బాగా చేశానని రాశారు. పడినందుకు నాకేదో ఒకటి దక్కనీండి."

ముప్ఫైనాలుగేళ్ల ఉద్యోగంలో జవాబు లేని ప్రశ్నలు ఇంత తిన్నగా అడిగిన పిల్లలు తక్కువ. సరేనంది. వారం రోజులు జాహ్నవి అద్దం ముందు పడటం నేర్చుకుంది. మోకాలు నేలకు తగలకుండా, చీర చెదరకుండా, అందంగా.

మిగిలింది వీరయ్యకు చెప్పడం. అందుకోసం కోటేశ్వరి గురజాల బస్సు రెండుసార్లు ఎక్కింది. మొదటిసారి అతని భార్య కాంతమ్మ మజ్జిగ ఇచ్చి, "మా ఆయన డప్పు ఢిల్లీలో మోగిందంటగా," అన్నది. కోటేశ్వరి మజ్జిగ తాగి, చెప్పకుండానే వచ్చేసింది. రెండోసారి వీరయ్య వాకిట్లో కూర్చుని డప్పుకు కొత్త తోలు బిగిస్తున్నాడు. యాభై ఏళ్లుగా పడేవాళ్ల కోసం చెయ్యి ఆపిన మనిషితో, ఆ పిల్ల పడుతుంది, నువ్వు మాత్రం ఆగకు అని ఏ నోటితో చెప్పాలి? వాన సంగతి, బస్సుల సంగతి మాట్లాడి లేచింది. తనది పిరికితనమని ఆమెకు తెలుసు. ఆ మాట తనను తాను అనుకోవడానికి ఆమెకు మరొకరి సాయం అక్కర్లేకపోయింది.

డిసెంబరు మొదటి ఆదివారం, ఎండ వాలాక, కల్లం నిండింది. ముందు వరసలో సోఫాలు, వాటిలో పెద్దలు. వెనక, మిర్చి యార్డులో కాయల తొడిమలు తీసే ఆడవాళ్లు పని దిగి నేరుగా వచ్చి, చీరల మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కాలైనా విప్పకుండా నేల మీద కూర్చున్నారు. వీరయ్య మూలన మంట పెట్టి డప్పు కాచుకున్నాడు. పొగ సోఫాల మీదికి వెళ్లింది. పెద్దలు దగ్గారు.

దరువు మొదలైంది. కోటేశ్వరి మైకు దగ్గర నిలబడి ఉంది. రెండు నెలలుగా రికార్డుకు ఆడిన పిల్లల పాదాలకు ప్రాణం వచ్చినట్టు కనిపించింది. ఒక సాలు అయింది. రెండో సాలు అయింది.

మూడో సాలు మలుపులో జాహ్నవి పడింది. నేర్చుకున్నట్టే, అందంగా.

వీరయ్య చెయ్యి ఆగింది. దరువును రవ్వంత సాగదీసి పట్టాడు. అతని చేతికి అలవాటు పడ్డ బారు కూడా ఆగింది. జాహ్నవి లేచి చూస్తే తాను వెనకబడి లేదు. అందరూ అక్కడే ఉన్నారు. వెనకబడాలి గనుక ఇంకాస్త నెమ్మదిగా అడుగు తీసింది. పాపకు దెబ్బ గట్టిగా తగిలినట్టుందని వీరయ్య దరువు ఇంకా సాగదీశాడు. బారు ఇంకా తగ్గింది. జాహ్నవి ఇంకా తగ్గింది. అతను ఆమె కోసం ఆగుతున్నాడు. ఆమె అతను దాటిపోవడం కోసం ఆగుతోంది. దెబ్బకు దెబ్బకు నడుమ ఎడం పెరిగి పెరిగి, చివరికి తరువాతి దెబ్బ రానే లేదు. పదకొండుమంది చాచిన చేతులతో, వీరయ్య ఎత్తిన పుల్లతో, జాహ్నవి ఒక కాలు గాలిలో పెట్టి, అందరూ నిలిచిపోయారు. కెమెరా మనిషి ఒకతను, కరెంటు పోయిందనుకున్నాడో ఏమో, వైరు చూసుకున్నాడు.

"పెన్‌డ్రైవు పెట్టమను గోపీ, పెన్‌డ్రైవు!" త్రికోటేశ్వరరావు సోఫాలోంచి సగం లేచి బుసకొట్టాడు. గుంటూరు రికార్డింగు ఉన్న ఆ పెన్‌డ్రైవు కోటేశ్వరి సంచిలో ఉంది. గోపీనాథ్ వచ్చి చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

వెనక నుంచి ఒకావిడ గొంతెత్తింది. "ఏమే పిల్లా, కాలు బెణికిందా? ఎవురన్నా పట్టుకోండే దాన్ని!"

"మునుమంతా దానికోసం నిలబడితే అది రాదేందే!" అన్నది ఇంకొకావిడ. ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు.

వీరయ్య పుల్ల దించాడు. "పాపా, దెబ్బ తగిలిందా?"

జాహ్నవి పెదవి కొరుక్కుంది. "లేదు తాతా."

"మరి రావేం?"

ఆ పిల్ల కోటేశ్వరి వైపు తిరిగింది. ఆమెతో పాటు బారు తిరిగింది, వీరయ్య తిరిగాడు, సోఫాలు తిరిగాయి. తప్పించుకునే దారి ఒకటి ఇంకా ఉంది. పిల్లకు నొప్పిగా ఉందని చెప్పవచ్చు. అందరూ నమ్ముతారు.

కోటేశ్వరి మైకు అందుకుంది.

"రావద్దని నేనే చెప్పాను. తప్పు ఈ పిల్లది కాదు. ఢిల్లీలో ఈమె నిజంగానే పడింది. అక్కడ వీరయ్యగారు లేరు. ఆయన్ను వదిలేసి వెళ్లింది కూడా నేనే. దరువు ఆగలేదు, మునుం ఈమెను వదిలి పోయింది. అది చూసి వాళ్లు మెచ్చారు. వాళ్లు మెచ్చారు గనుక ఇక్కడ మళ్లీ పడమన్నాం. వీరయ్యగారికి ఈ సంగతి చెప్పలేదు. చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు."

వెనక నవ్వులు ఆగిపోయాయి. తొడిమల ఆడవాళ్లలో పెద్దావిడ ఒకరు, "వదిలి పోయారంట," అని పక్కావిడతో మెల్లగా అన్నది. ఢిల్లీలో ఎవరికీ అర్థం కాని వాక్యం ఇక్కడ ఎవరూ విడమరిచి చెప్పకుండానే అర్థమైంది.

త్రికోటేశ్వరరావు మైకు దాకా వచ్చాడు. ముఖాన నవ్వు చెదరకుండా, పళ్ల మధ్య నుంచి, "అక్కయ్యా, కల్లం నాదని మర్చిపోతన్నారు," అన్నాడు.

"మర్చిపోలేదు."

"ఆరు ఊళ్ల ప్రోగ్రాములు?"

"వాళ్లకు ఈ రోజే ఉత్తరం రాస్తాను. డప్పు వస్తే మేమూ వస్తాం."

వీరయ్య ఇదంతా విన్నాడో లేదో తెలియదు. డప్పును మంట దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ కాచి, వేలితో తట్టి చూసుకుని తిరిగి వచ్చాడు.

"మొదటి సాలు నుంచా, ఇక్కణ్ణుంచేనా పంతులమ్మా?"

"ఇక్కడి నుంచే."

దరువు ఎత్తుకున్నాడు. జాహ్నవి కోటేశ్వరి వైపు చూడలేదు. దవడ బిగించి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, మూడంగల్లో వెళ్లి బారులో నిలబడింది. ఆ పిల్ల కోపం ప్రతి అడుగులోనూ సిమెంటు మీద చప్పుడు చేసింది. అంత బాగా ఆమె ఎన్నడూ ఆడలేదు. ఆ మాట ఆమెకు ఈ రోజు చెబితే చెంప మీద కొట్టినట్టే అవుతుందని కోటేశ్వరికి తెలుసు.

బారు నాలుగో సాలులోకి మళ్లింది. ముందు వరసలో రెండు సోఫాలు ఖాళీ అయ్యాయి. కోటేశ్వరి మైకు పక్కనే నిలబడి, సోమవారం సాధనకు పన్నెండుమంది పట్టే గచ్చునేల పేటలో ఇంకెవరి దగ్గర ఉందో ఒక్కొక్క పేరే తలుచుకుంటోంది. అయిదో పేరు దగ్గర ఆగి, అతను కూడా ఫ్లెక్సీలో ఉన్నవాడేనని గుర్తొచ్చి, కొట్టేసి, ఆరోదానికి వెళ్లింది.